ఫైర్ స్టేషన్ ఎవరిది? నగర అగ్నిమాపక దళాల చరిత్ర, నల్లగొండ–పాలమూరు దూరాల లెక్క

యాసంగి వరి కోతలు ముగిసి గడ్డివాములు వేసుకునే రోజుల్లో నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి ఒకే రకమైన వార్త మళ్లీ మళ్లీ వస్తుంది. వాము అంటుకుంది, పక్కనున్న పశువుల కొట్టానికి మంట పాకింది, ఫైరింజన్ వచ్చేసరికి బూడిద మిగిలింది. ఆ వెంటనే ఊళ్లో మూడు ప్రశ్నలు లేస్తాయి. బండి ఎందుకు ఆలస్యమైంది? ఫైర్ స్టేషన్ మున్సిపాలిటీదా, పోలీసులదా, లేక వేరే శాఖదా? మన మండలంలో ఒక స్టేషన్ ఎందుకు లేదు? వీటికి జవాబులు వెతుకుతూ పోతే రెండు వేల ఏళ్ల వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. మంటలార్పే పని ఎవరిది, దాని ఖర్చు ఎవరు భరించాలి అనే తగవు అంత పాతది. స్టేషన్ ఎక్కడ ఉండాలి, ఎలా ఉండాలి అన్నది కూడా ఆ తగవు ఒక్కో చోట తేలిన తీరును బట్టే నిర్ణయమవుతూ వచ్చింది.

ముందుగా కొన్ని మాటల అర్థం

ఫైర్ సర్వీస్ అంటే శాఖ, అంటే సిబ్బందిని నియమించి, జీతాలిచ్చి, బండ్లు కొనే వ్యవస్థ. ఫైర్ స్టేషన్ అంటే ఆ శాఖ సిబ్బంది, బండ్లు ఇరవై నాలుగు గంటలూ సిద్ధంగా ఉండే చోటు. ఏదైనా స్టేషన్ కింద కొద్దిమందితో నడిచే చిన్న కేంద్రాన్ని అవుట్‌పోస్ట్ అంటారు. మనం ఫైరింజన్ అని పిలిచే బండి శాఖ లెక్కల్లో వాటర్ టెండర్. నీళ్ల ట్యాంకు, పంపు, హోస్‌పైపులు, నిచ్చెన అన్నీ ఒకే లారీ మీద ఉంటాయి. హోస్‌పైపు చివర చేతితో పట్టుకునే లోహపు మూతిని బ్రాంచి అంటారు. స్పందన సమయం అనే మాటను మాత్రం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. స్టేషన్‌కు ఫోన్ అందిన క్షణం నుంచి బండి మంట దగ్గరికి చేరేదాకా పట్టే కాలం అది. ఊళ్లో వాళ్లు మాత్రం మంట కనబడిన క్షణం నుంచి లెక్కిస్తారు. చాలా వాదనల్లో ఇరుపక్షాలూ చెప్పే నిమిషాలు కలవకపోవడానికి ఈ తేడా ఒక కారణం.

రోమ్‌లో కాలుతున్న ఇంటికి బేరం, ఆ తర్వాత రాత్రి పహరా

క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో రోమ్ నగరపు ధనవంతుడు క్రాసస్, అంటుకున్న ఇళ్లను, వాటి పక్క ఇళ్లను భయంతో ఉన్న యజమానుల దగ్గర కారుచవకగా కొనేవాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. బేరం కుదిరాకే తన సొంత దళంతో మంటలు ఆర్పించేవాడన్న కథ ఈనాడు విరివిగా వినిపిస్తుంది కానీ అది ప్లూటార్క్ రాతలో లేదు. అతను చెప్పింది కొనుగోళ్ల గురించి, కట్టుబడి పని తెలిసిన అయిదు వందల మందికి పైగా బానిసల గురించి. కథ ఎలా ఉన్నా, అప్పటి పరిస్థితి మాత్రం అందులో తెలుస్తుంది: పదిలక్షల జనం కిక్కిరిసిన ఊరిలో మంటలార్పే బాధ్యత గట్టిగా ఏ ఒక్కరి మీదా లేదు.

ఆ బాధ్యతను ప్రభుత్వం నెత్తికెత్తుకున్నది క్రీస్తుశకం 6వ సంవత్సరంలో. అగస్టస్ చక్రవర్తి విగిలీస్ అనే పహరా దళాన్ని ఏర్పాటు చేశాడు. నగరంలోని 14 ప్రాంతాలకు ఏడు పటాలాలు, అంటే ఒక్కో పటాలానికి రెండేసి ప్రాంతాలు. మొదట్లో వీరిలో ఎక్కువమంది దాస్యం నుంచి విడుదలైనవారు. వీరు రాత్రంతా వీధుల్లో తిరిగేవారు, బాల్చీలు, గొడ్డళ్లు, కొక్కేలు, చేతిపంపులు వాడేవారు. దళపతికి మరో పని కూడా ఉండేది. పై అంతస్తుల్లో నీళ్లు నిల్వ ఉంచుకోవాలని ఇళ్లవారిని హెచ్చరించడం, నిప్పు విషయంలో అశ్రద్ధ చేసినవారిని శిక్షించడం అతని విధుల్లో భాగం. రోమ్‌లోని ట్రస్టెవెరె ప్రాంతంలో ఏడో పటాలపు కావలి ఇల్లు, ఓస్టియా రేవుపట్నంలో ఈ దళపు బారకాసులు శిథిలాలుగా నేటికీ ఉన్నాయి. మనుషులు మంట కోసం సిద్ధంగా కాచుకుని ఉండే ఇల్లు అనే ఆలోచనకు మనకు కళ్లకు కనబడే తొలి ఆనవాళ్లలో అవి ముఖ్యమైనవి.

లండన్‌లో బీమా కంపెనీల దళాలు

రోమ్ సామ్రాజ్యం పోయాక యూరప్ నగరాలు మళ్లీ ఇరుగుపొరుగు సాయం మీదే ఆధారపడ్డాయి. 1666 సెప్టెంబర్‌లో లండన్‌లో ఒక రొట్టెల బట్టీ దగ్గర మొదలైన మంట నాలుగు రోజుల్లో 13,000కు పైగా ఇళ్లను, 87 చర్చిలను కాల్చింది. అప్పుడు చేతిలో ఉన్న సాధనాలు తోలు బాల్చీలు, పిచికారీలు, పొడవాటి కొక్కేలు. మంటకు ముందున్న ఇళ్లను కూల్చి దారి కోయడమే అసలు ఉపాయం. మన పల్లెల్లో గుడిసెల వరుస అంటుకున్నప్పుడు పెద్దలు పక్క గుడిసె కప్పు పీకేయించేవారే, అదే పద్ధతి.

ఆ నష్టం నుంచి అగ్ని బీమా వ్యాపారం పుట్టింది. నికొలస్ బార్బన్ 1680 ప్రాంతంలో మొదలుపెట్టిన సంస్థ తొలి వాటిలో ఒకటి. ఇల్లు కాలితే తామే డబ్బు కట్టాలి కాబట్టి కంపెనీలు సొంత దళాలను పెట్టుకున్నాయి. బీమా ఉన్న ఇళ్ల గోడలకు తమ గుర్తు ఉన్న లోహపు బిళ్లలు బిగించాయి. బిళ్ల లేని ఇల్లు కాలుతుంటే ఈ దళాలు చేతులు కట్టుకుని చూసేవన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంది. దీనికి రెండు వైపులా ఆలోచించాలి. కంపెనీ లాభాపేక్షతో పనిచేసేది కనుక అలా జరిగి ఉంటుందన్న ఊహ సహజమే. అయితే దానికి బలమైన సమకాలీన ఆధారాలు దొరకడం లేదు. పైగా ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకున్న వీధిలో బిళ్ల లేని ఇంటిని కాలనిస్తే మంట బిళ్ల ఉన్న ఇంటికి పాకుతుంది, నష్టం కంపెనీదే అవుతుంది. నాకు ఈ రెండో వాదనే సబబుగా తోస్తుంది.

1833లో పది బీమా కంపెనీలు తమ దళాలను కలిపి ఒకే సంస్థగా చేసి, ఎడిన్‌బరోలో 1824లో నగర దళాన్ని తీర్చిదిద్దిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్‌కు అప్పగించాయి. 1861లో థేమ్స్ నది ఒడ్డున టూలీ వీధి గోదాములు అంటుకున్నప్పుడు కూలిన గోడ కింద బ్రెయిడ్‌వుడ్ చనిపోయాడు. ఆ ఒక్క అగ్నిప్రమాదంతో బీమా కంపెనీల మీద పడిన భారం ఎంతటిదంటే, నగరం మొత్తాన్ని కాపాడే పని ఇక తమ వల్ల కాదని అవి ప్రభుత్వానికి చెప్పేశాయి. 1865లో చట్టం వచ్చింది, 1866 నుంచి లండన్ దళం ప్రజల సొమ్ముతో నడవడం మొదలైంది. మంటలార్పడం ఇచ్చిపుచ్చుకునే సరుకు కాదని, రోడ్లలాగా అందరి కోసం అందరూ భరించాల్సిన సేవ అని లండన్ గుర్తించడానికి రెండు వందల ఏళ్లు పట్టింది.

అమెరికాలో స్వచ్ఛంద దళాలు, గుర్రాలు, భవనం రూపం

అమెరికా నగరాలు మరో దారి పట్టాయి. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చొరవతో ఏర్పడిన యూనియన్ ఫైర్ కంపెనీ లాంటి స్వచ్ఛంద దళాలు శతాబ్దానికి పైగా నగరాలను కాపాడాయి. చేతిపంపును నడపడానికి పదుల మంది కావాలి కాబట్టి మనుషులు ఎక్కువ ఉన్న దళమే బలమైన దళం. కాలం గడిచేకొద్దీ ఈ దళాలు రాజకీయ బలగాలుగా మారి, మంట దగ్గరికి ఎవరు ముందు చేరాలన్న పంతంతో వీధుల్లో కొట్లాడుకున్న ఉదంతాలూ పెరిగాయి. ఆవిరి పంపు రావడంతో లెక్క మారింది. పదుల మంది చేసే పని కొద్దిమంది శిక్షణ పొందినవారు చేయగలిగారు, కొద్దిమందికైతే జీతం ఇవ్వడం సాధ్యమైంది. 1853లో సిన్సినాటి పూర్తిగా జీతగాళ్లతో, ఆవిరి పంపులతో దళాన్ని పెట్టింది. 1865లో న్యూయార్క్ కూడా అదే బాట పట్టింది.

ఫైర్ స్టేషన్ భవనానికి ప్రపంచమంతా గుర్తుపట్టే రూపం వచ్చింది ఈ దశలోనే. ఆవిరి పంపు బరువైన యంత్రం, దాన్ని లాగడానికి గుర్రాలు కావాలి. అందుకని కింది అంతస్తులో బండి, గుర్రాలు. పై అంతస్తులో గడ్డి, సిబ్బంది పడకలు. గుర్రపు జీను సామాను కప్పు నుంచి వేలాడుతూ ఉండి, గంట మోగగానే తాడు లాగితే సరిగ్గా గుర్రం వీపు మీద దిగేది. గుర్రాలు మెట్లెక్కి పైకి రాకుండా చాలాచోట్ల ఇరుకైన మెలిమెట్లు కట్టారు. ఆ మెట్లు దిగడంలో జాప్యం జరుగుతుంది కనుక 1878లో షికాగోలో 21వ ఇంజన్ దళపు కెప్టెన్ డేవిడ్ కెన్యన్ పై గది నుంచి కిందికి జారే స్తంభాన్ని పెట్టించాడు. నల్లజాతి సిబ్బందితో నడిచిన దళం అది. ఇక భవనం పక్కన కనిపించే ఎత్తైన బురుజు తడిసిన హోస్‌పైపుల కోసం. కాన్వాసు, నార పైపులు తడి ఆరకపోతే కుళ్లిపోయేవి, కాబట్టి వాటిని బురుజులో నిలువునా వేలాడదీసి ఆరబెట్టేవారు. 1922లో న్యూయార్క్ తన చివరి గుర్రపు బండిని విరమించింది. నేటి పాలిస్టర్ పైపులకు అంత ఆరబెట్టే పనీ లేదు. స్తంభం మీంచి జారి గాయపడేవారు ఎక్కువై, కొత్త భవనాల్లో దాన్నీ తగ్గిస్తున్నారు.

మన జిల్లాల స్టేషన్లకు స్తంభం, బురుజు సాధారణంగా లేకపోవడానికి కారణం ఇదే. అవి మోటారు బండ్ల కాలంలో వచ్చాయి. రోడ్డుకు ఎదురుగా బండ్లు నిలిపే పొడవాటి గది, ఫోన్ మోగే వాచ్‌రూమ్, సిబ్బంది విశ్రాంతి గది, నీళ్ల సంపు, ముందు ఖాళీ జాగా ఉంటే చాలు. ఒకే అంతస్తులో ఉన్నచోట జారే అవసరమే రాదు.

మన దేశంలో శాఖ ఎవరి చేతిలో ఉంది

ఇక్కడే పాఠకులు ఎక్కువగా తికమకపడతారు, ఎందుకంటే దేశమంతా ఒకే పద్ధతి లేదు. ముంబైలో అగ్నిమాపక దళం మొదట పోలీసుల కింద ఉండి, 19వ శతాబ్దం చివర్లో నగరపాలక సంస్థ చేతికి వచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంది. గుజరాత్ నగరాల్లోనూ ప్రధానంగా మున్సిపల్ పద్ధతే. పశ్చిమ బెంగాల్‌లో, తమిళనాడులో ఇది రాష్ట్ర ప్రభుత్వ శాఖ. ఢిల్లీలో నగరపాలక సంస్థ నుంచి 1994లో ఢిల్లీ ప్రభుత్వానికి మారింది.

రాజ్యాంగానికి 74వ సవరణ ద్వారా చేరిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 పనుల జాబితా ఉంది, అందులో ఏడోది అగ్నిమాపక సేవలు. ఆ జాబితా చూసి స్టేషన్ మున్సిపాలిటీదే అయి ఉండాలని వాదించేవారు ఉన్నారు. అయితే ఆ పనులను అప్పగించాలా వద్దా అన్నది రాష్ట్ర శాసనసభ నిర్ణయం. తెలంగాణలో ఇది హోం శాఖ పరిధిలోని రాష్ట్రస్థాయి శాఖ. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టమే విభజన తర్వాతా ఆధారం. స్టేషన్‌కు స్టేషన్ ఫైర్ ఆఫీసర్, జిల్లాకు జిల్లా ఫైర్ ఆఫీసర్ ఉంటారు. బండి మీద లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, ఫైర్‌మన్లు వస్తారు. కాబట్టి నల్లగొండ మున్సిపల్ కమిషనర్‌కు గానీ, మహబూబ్‌నగర్ పోలీసు అధికారికి గానీ ఫైర్ సిబ్బంది మీద నేరుగా అజమాయిషీ లేదు.

ఏది మేలు? మున్సిపల్ పద్ధతిని కోరేవారి వాదన ఇది: నీళ్ల పైపులైను, వీధి వెడల్పు, భవన అనుమతి అన్నీ మున్సిపాలిటీ చేతిలో ఉండగా మంటలార్పే దళం ఒక్కటే వేరుగా ఉంటే సమన్వయం దెబ్బతింటుంది. రాష్ట్ర పద్ధతిని సమర్థించేవారి జవాబు కూడా బలమైనదే: పన్నుల రాబడి తక్కువ ఉన్న చిన్న మున్సిపాలిటీలు ఖరీదైన బండ్లను కొని నిలబెట్టలేవు, పైగా మున్సిపల్ సరిహద్దు దాటి ఉన్న పల్లెలు ఎవరి బాధ్యత అవుతాయి? మన జిల్లాల మంటల్లో వాములు, కొట్టాలు, మామిడి తోటలు, జిన్నింగు మిల్లుల పత్తి ఎంతో భాగం కనుక ఈ రెండో ప్రశ్నను పక్కన పెట్టి మాట్లాడటం కుదరదు.

ఇరవై నిమిషాల లెక్క

గ్రామీణ ప్రాంతాల్లో మంట దగ్గరికి 20 నిమిషాల్లో చేరాలన్నది జాతీయస్థాయి అగ్నిమాపక సలహా మండలి పెట్టిన ప్రమాణం. అది మన నేల మీద ఎలా ఉంటుందో లెక్క వేసి చూద్దాం.

స్టేషన్‌కు 20 కి.మీ. దూరంలో ఒక తండా ఉందనుకుందాం. అందులో 17 కి.మీ. తారు రోడ్డు, చివరి 3 కి.మీ. మట్టి బాట. నీళ్లతో నిండిన బండి తారు రోడ్డు మీద సగటున గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్తే 17 కి.మీ.కు ఇరవై అయిదున్నర నిమిషాలు. మట్టి బాట మీద గంటకు 15 కి.మీ. వేగంతో 3 కి.మీ.కు 12 నిమిషాలు. ఫోన్ తీసి, చిరునామా అర్థం చేసుకుని, బండి గేటు దాటడానికి 3 నిమిషాలు. మొత్తం నలభై నిమిషాల పైమాటే. ఎవరూ ఒక్క నిమిషం వృథా చేయకపోయినా వచ్చే అంకె ఇది.

ఇప్పుడు తిరగేసి వేద్దాం. 20 నిమిషాల్లో రెండు నిమిషాలు బయలుదేరడానికి పోతే ప్రయాణానికి 18 మిగులుతాయి. అంతటా మంచి రోడ్డే ఉందనుకున్నా గంటకు 40 కి.మీ. చొప్పున అది 12 కి.మీ. దారి. మలుపుల వల్ల 12 కి.మీ. దారి అంటే ముక్కుసూటిగా 9 కి.మీ. దూరం అనుకోవచ్చు. 9 కి.మీ. వ్యాసార్థం ఉన్న వృత్తం వైశాల్యం సుమారు 250 చ.కి.మీ. 2016 జిల్లాల విభజన తర్వాతి నల్లగొండ జిల్లా వైశాల్యం దాదాపు 7,100 చ.కి.మీ. భాగిస్తే 28 స్టేషన్లు వస్తాయి. వృత్తాలు ఒకదాని మీద ఒకటి కొంత పడకుండా నేలంతా కప్పలేవు కనుక నిజానికి 30 దాటుతుంది. ఒక్కో స్టేషన్‌కు ఆరుగురు చొప్పున మూడు విడతలు అనుకుంటే 18 మంది, 30 స్టేషన్లకు 540 మంది. ఇంత చిన్న ప్రమాణం వెనక ఎంత పెద్ద ఖర్చు దాగి ఉందో ఈ గుణకారం చూపిస్తుంది. మండలానికొక స్టేషన్ కోరడం అత్యాశ కాదని, అలాగే అది ఒక్క బడ్జెట్‌తో తేలే కోరికా కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

బండి వచ్చాక నీళ్ల లెక్క

బండి ట్యాంకులో 4,500 లీటర్లు ఉన్నాయనుకుందాం. ఒక బ్రాంచి నిమిషానికి 450 లీటర్లు చిమ్మితే పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. రెండు బ్రాంచీలు తెరిస్తే అయిదు నిమిషాలే. ఆ తర్వాత నీళ్లు ఎక్కడివి? పెద్ద నగరాల్లో రోడ్డు పక్క హైడ్రంటుకు, అంటే నీళ్ల పైపులైను మీది పెద్ద కుళాయికి, పైపు బిగిస్తారు, మన పట్టణాల్లో అవి అరుదు. బండి పంపు సక్షన్ పైపు వేసి చెరువు నుంచి, బాయి నుంచి నీళ్లు తోడగలదు, కానీ దానికి ప్రకృతి పెట్టిన హద్దు ఉంది. సక్షన్ పంపు నీళ్లను పైకి లాగదు. గొట్టంలోని గాలిని తీసేస్తే బయటి వాతావరణ పీడనమే నీళ్లను పైకి నెడుతుంది. ఆ పీడనం సిద్ధాంతరీత్యా 10 మీటర్లకు కాస్త మించి ఎత్తలేదు, ఆచరణలో ఏడు మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. వేసవిలో దేవరకొండ, అచ్చంపేట వైపు లోతైన బాయిల్లో నీళ్లు అంతకన్నా కిందికి దిగిపోతే బండి ఎంత గొప్పదైనా లాభం లేదు. బోరు ఉందంటారా, అది నిమిషానికి 100 లీటర్లు పోస్తే 4,500 లీటర్ల ట్యాంకు నిండటానికి ముప్పావు గంట పడుతుంది, అదీ ఆ సమయానికి కరెంటు ఉంటేనే.

గడ్డివాముకు, పత్తి బేళ్లకు మరో చిక్కు ఉంది. నీళ్లు పైపొర తడిపి జారిపోతాయి, లోపల నిప్పు కనబడకుండా రాజుకుంటూనే ఉంటుంది. అందుకే సిబ్బంది వామును విడదీస్తూ తడుపుతారు, జేసీబీ కోసం చూస్తారు. ఇది చూసేవారికి జాగుగా అనిపిస్తుంది కానీ విడదీయకుండా వెళ్లిపోతే తెల్లారేసరికి మళ్లీ అంటుకుంటుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడలో మంట మొదలైంది పత్తి బేళ్ల మధ్యే. అదే ఓడలో పేలుడు పదార్థాలు ఉండటంతో జరిగిన విస్ఫోటనాల్లో 66 మంది ఫైర్ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మన స్టేషన్లలోనూ జరిపే అగ్నిమాపక వారోత్సవాలు వారి స్మృతిలో మొదలైనవే.

స్వచ్ఛంద దళాలతో ఖాళీ పూడుతుందా

దూరాల లెక్క ఇలా ఉన్నప్పుడు ఊళ్లోనే శిక్షణ పొందిన యువకుల దళం ఉంటే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. చిలీ దేశంలో అగ్నిమాపక సిబ్బంది అంతా స్వచ్ఛంద సేవకులే. జర్మనీలోనూ అమెరికాలోనూ చిన్న ఊళ్ల దళాల్లో ఎక్కువమంది ఇతర ఉద్యోగాలు చేసుకుంటూ సేవ చేసేవారే. మొదటి పది నిమిషాల్లో ఊళ్లోవాళ్లు చేయగలిగింది నలభయ్యో నిమిషంలో వచ్చే బండి చేయలేదన్నది దీనికి అనుకూలమైన మాట. ఎదుటివారు చూపే ఇబ్బందులూ నిజమైనవే: అక్కడి స్వచ్ఛంద దళాలకు సొంత బండి, క్రమమైన శిక్షణ, ప్రమాదబీమా ఉంటాయి. అవేవీ లేకుండా పేరుకు దళం పెడితే రిస్కు తీసుకునేది ఆ యువకులే. పైగా మన పల్లెల్లో పనికోసం పట్నం వెళ్లినవారు పోగా పగటిపూట ఊళ్లో ఉండే యువకులు ఎందరు అన్నదీ చూడాలి. పాలమూరు వలసల సంగతి తెలిసినవారికి ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది.

ఏ స్టేషనూ చేరలేని మంటలు

2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని అంటుకున్నప్పుడు 45 మంది చనిపోయారు. మంట నిమిషాల్లో బస్సంతా కమ్మేసింది. పైన వేసిన లెక్కలో స్టేషన్లు 30 కాదు 60 ఉన్నా అలాంటి మంటను అందుకోవడం కష్టం. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో చెలరేగిన మంటలో తొమ్మిది మంది మరణించారు. అక్కడ పక్కనే కృష్ణ ఉంది, నీళ్లకు కొదవ లేదు. సొరంగంలో నిండిన దట్టమైన పొగ వల్ల రక్షించడానికి వెళ్లినవారు గంటల తరబడి లోపలికి పోలేకపోయారు.

ఇలాంటి చోట్ల తేడా తెచ్చేవి అత్యవసర ద్వారం, ఇంధన ట్యాంకు అమరిక, పొగ బయటికి పోయే దారి, కేబుళ్ల నాణ్యత. వాటిని తనిఖీ చేసే పని రోమ్‌లో ఒకే దళపతిది. తెలంగాణలో అది చీలిపోయి ఉంది. నిర్ణీత ఎత్తు దాటిన భవనాలకు, జనం గుమిగూడే చోట్లకు నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ, ఫైర్ శాఖ ఇస్తుంది. భవన నిర్మాణానికి అనుమతి మున్సిపాలిటీ ఇస్తుంది. బస్సు రవాణా శాఖ పరిధిలోకి వస్తుంది. విద్యుత్ పరికరాలు విద్యుత్ తనిఖీ విభాగం కిందికి వస్తాయి. మిర్యాలగూడ రైస్ మిల్లులూ జిన్నింగు మిల్లులూ ఫ్యాక్టరీల శాఖ జాబితాలో ఉంటాయి. మంట లేచాక మాత్రం వీటన్నింటి కోసం మోగేది ఒక్క వాచ్‌రూమ్‌లోని ఫోనే.